ఆ సభలో రెఫరీ లేడు

మహేశ్వరంలో ఒక స్నేహితుడి ఇంటి డాబా మీద, ఆదివారం సాయంత్రాలు, మేం ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం. శంషాబాద్‌లో దిగే విమానం నెత్తి మీంచి పోతున్నంతసేపూ మాట ఆపి, అది పోయాక మళ్ళీ మొదలుపెడతాం. మా కథ జరిగే నేలమాళిగ కూడా ఈ ఊళ్ళోనే పుట్టింది. అక్కన్న మాదన్నలు కట్టించారని చెప్పుకునే శివగంగ రాజరాజేశ్వరాలయం చూసొచ్చిన రోజున, అలాంటి గుడి కింద ఒక పాత గోల్కొండ ఖజానా ఉన్నట్టు ఊహించుకుని మ్యాప్ గీసుకున్నాం.

ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. యోధుడు, దొంగ, మంత్రగత్తె, ఇలా. ఎదురుగా ఏముందో గేమ్ మాస్టర్ చెప్తాడు. ఏం చేస్తారో ఆటగాళ్ళు చెప్తారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. రాక్షసుల తరఫున పాచిక వేసేది గేమ్ మాస్టరే. తీర్పు చెప్పేదీ ఆయనే. అంటే ఒకే మనిషి ప్రత్యర్థి, జడ్జి, కథకుడు కూడా. మా టేబుల్ దగ్గర ఆ మనిషిని నేను.

ఓ ఆదివారం అట్టముక్క చాటున నేనేసిన పాచిక 19 చూపించింది. మాలో అందరికన్నా చిన్నవాడు ఎనిమిది నెలలుగా పెంచుకున్న పాత్ర ఆ దెబ్బతో చచ్చిపోవాలి. నాకు చేతులు రాలేదు. "ఏడు పడింది, తప్పింది" అన్నాను. పక్కన కూర్చున్నవాడు చూసేశాడు. ఆట అయిపోయాక చిన్నవాడు అడిగాడు: "అన్నా, నిజం చెప్పు. ఎంత పడ్డది?" నా పరిస్థితి 'మాయాబజార్'లో సత్యపీఠం ఎక్కిన శకునిలా అయింది. చెప్పేశాను. వాడికి కోపం రాలేదు. "మరి ఇన్ని రోజులు నేను గెలిచినవి?" అన్నాడు. తర్వాతి ఆదివారం రాలేదు.

ఒక్క అబద్ధంతో వాడి ఎనిమిది నెలల గెలుపులన్నీ అనుమానంలో పడ్డాయి. ఆటలో న్యాయం ఎక్కడుంటుంది? పాచికలోనా, రూల్ బుక్కులోనా, తీర్పరి మనసులోనా? ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. మనకి తెలిసిన అతి పెద్ద పాచికలాట కథే దాని చుట్టూ తిరుగుతుంది.

సభాపర్వం నన్నయ 11వ శతాబ్దంలో తెలుగు చేసిన పర్వాల్లో ఒకటి. జూదం అనగానే మనకి శకుని పాచికలే గుర్తొస్తాయి. అవి తండ్రి ఎముకలతో చేసినవన్న కథ జనంలో పుట్టింది, వ్యాస భారతంలో లేదు. వ్యాసుడు శకుని మోసంతో ఆడాడని అంటాడు గానీ ఎలా చేశాడో విప్పి చెప్పడు. ఆయన విప్పి చెప్పింది వేరే: రూల్స్ గురించిన తగాదాలు. పందెం సొమ్ము నాది, నా తరఫున మామ ఆడతాడు అంటాడు దుర్యోధనుడు. ఒకరి బదులు ఇంకొకరు ఆడటం సరికాదనిపిస్తోంది అంటాడు ధర్మరాజు. అభ్యంతరం న్యాయమైనదే. కానీ దానిమీద తీర్పు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అభ్యంతరం గాల్లో అలా ఉండగానే ఆట మొదలైపోతుంది.

అసలు ప్రశ్న చివర్లో వస్తుంది. సభకి రమ్మని కబురు తెచ్చిన ప్రాతికామిని ద్రౌపది వెనక్కి పంపుతుంది: ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా, కనుక్కుని రా. ఇది కన్నీటితో పాటు అడిగిన ప్రశ్నే అయినా, అచ్చంగా రూల్స్ ప్రశ్న. తనని తాను ఓడిపోయినవాడికి ఇంకొకరిని పందెం పెట్టే హక్కుంటుందా? ధర్మరాజు మాట్లాడడు. ధర్మం సూక్ష్మమైనది, నేను తేల్చలేను అంటాడు భీష్ముడు. కౌరవుల్లో చిన్నవాడు వికర్ణుడు ఒక్కడే లేచి, కారణాలు చెప్పి మరీ, ఆమెని గెలవలేదు అంటాడు. కర్ణుడు అతని నోరు మూయిస్తాడు.

అప్పుడు విదురుడు ఒక కథ చెప్తాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ ఎవరు గొప్ప అని తగువు. ప్రాణాలు పందెం. జడ్జి ఎవరంటే విరోచనుడి తండ్రే! ప్రహ్లాదుడు భయపడి కశ్యపుణ్ణి సలహా అడుగుతాడు. తెలిసీ జవాబు చెప్పనివాడు వరుణుడి వేయి పాశాలకి చిక్కుతాడు అంటాడు ఆయన. ప్రహ్లాదుడు కొడుక్కి వ్యతిరేకంగా తీర్పు చెప్తాడు. అది విన్న సుధన్వుడు, కొడుకు మీద ప్రేమని పక్కన పెట్టినందుకు మెచ్చి, ఆ కొడుకు ప్రాణాన్ని వదిలేస్తాడు.

విదురుడి కథ విన్నాక కూడా సభ నోరు విప్పదు. రాజు ఉన్నాడు, గురువులు ఉన్నారు, తాతగారు ఉన్నారు. రెఫరీ లేడు.

రెఫరీ అవసరం మన పాతవాళ్ళకి తెలియక కాదు. అర్థశాస్త్రం మూడో అధికరణం చివర ద్యూతాధ్యక్షుడు అనే ఉద్యోగి కనిపిస్తాడు. జూదం ఆయన చూపించిన చోటే ఆడాలి. గవ్వలు, పాచికలు ఆయన ఇచ్చినవే వాడాలి. వాటిని మారిస్తే 12 పణాల జరిమానా. గెలిచిన సొమ్ములో నూటికి 5 ఆయన తీసుకుంటాడు. ఎవరు గెలిచినా వాటా అంతే, కాబట్టి ఎవరినీ గెలిపించాల్సిన పని ఆయనకి లేదు. ప్రహ్లాదుడిలా ప్రేమతో యుద్ధం చేసే అవసరం లేకుండా కౌటిల్యుడు ఉద్యోగాన్నే అలా కుదిర్చాడు.

అయితే మా డాబా మీది గేమ్ మాస్టర్ వంశవృక్షం హస్తినాపురం నుంచి రాలేదు, ప్రష్యా నుంచి వచ్చింది. 1824లో రైస్‌విట్స్ అనే ప్రష్యన్ సైనికాధికారి, తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడని మెరుగుపరిచి 'క్రీగ్‌ష్పీల్' నియమాలు అచ్చు వేశాడు. రెండు పక్షాలూ తమ ఆజ్ఞల్ని కాగితం మీద రాసి అంపైర్‌కి ఇస్తాయి. ఎవరికి ఏది కనిపించే వీలుందో అంతే అంపైర్ మ్యాప్ మీద పెడతాడు. నష్టాలు పాచికలు, పట్టికలు తేలుస్తాయి. అన్నీ తెలిసి, కొంతే చెప్పే మనిషి ఆట మధ్యలోకి వచ్చి కూర్చున్నది ఇక్కడే.

పట్టికలతో ఆట నత్తనడక నడిచేది. 1876లో వెర్డీ దు వెర్నోయిస్ ఆ లెక్కలన్నీ పక్కన పడేసి, యుద్ధం చూసిన అధికారి అనుభవంతో తీర్పు చెప్తే చాలన్నాడు. ఆట వేగం పెరిగింది. కానీ నమ్మకానికి ఆధారం మారిపోయింది. పట్టికని ఎవరైనా తెరిచి చూడొచ్చు. పై అధికారి బుర్రని చిన్న లెఫ్టినెంట్ ఎలా తెరిచి చూస్తాడు?

ఈ రెండు దారులూ సముద్రం దాటాయి. అమెరికన్ అధికారి చార్లెస్ టాటెన్ 1880లో 'స్ట్రాటెగోస్' అనే యుద్ధక్రీడ పుస్తకం వేశాడు. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత అది మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే కుర్రాడి చేతిలో పడింది. ఏం చేసినా తీర్పు చెప్పగల రెఫరీ అన్న ఊహ అతన్ని పట్టుకుంది. 1969లో అతను 'బ్రౌన్‌స్టైన్' ఆడించాడు. అందులో ఆటగాళ్ళకి సైన్యాలతో పాటు ఊళ్ళో మనుషుల పాత్రలూ ఇచ్చాడు. వాళ్ళు రూల్స్‌లో లేని పనులన్నీ చేస్తామన్నారు. వెస్లీ అప్పటికప్పుడు తీర్పులు చెప్పుకుంటూ పోయాడు. ఆట చెడిందని అతను దిగులుపడితే, ఆటగాళ్ళు మళ్ళీ ఆడదామన్నారు. వాళ్ళలో ఒకడు డేవ్ ఆర్నెసన్. అతనూ గేరీ గైగాక్స్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఆ మొదటి పుస్తకాల్లో ఆట నడిపేవాడి పేరు రెఫరీ అనే ఉంటుంది.

1979లో గైగాక్స్ రాసిన 'డంజన్ మాస్టర్స్ గైడ్' వచ్చింది. కావాలనుకుంటే పాచికని తోసిరాజనే హక్కు నీకుంది అని అందులో గేమ్ మాస్టర్‌కి చెప్తాడు. నేను ఆ రాత్రి చేసింది పుస్తకం ప్రకారం తప్పు కాదు! వెనకేసుకురావడానికి వాదన కూడా ఉంది: ఇది సరదా కోసం ఆడే ఆట, పాచిక గుడ్డిది, మంచి కథని ఒక అంకె చంపేయడం ఎందుకు? చాలామంది మంచి గేమ్ మాస్టర్లు ఈ మాటే అంటారు. 2010లో వచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' ఇంకో కొసకి వెళ్ళింది. అందులో ఆట నడిపేవాడు పాచికే వేయడు, ఆటగాళ్ళే వేస్తారు. దాచడానికి అతని చేతిలో ఏమీ ఉండదు.

ఈ రెంటి మధ్య నాకు దారి చూపించింది విదురుడి కథే. ప్రహ్లాదుడికి కొడుకు మీద ప్రేమ తప్పు కాదు. ఆ ప్రేమని తీర్పులో కలపలేదు, అంతే. కొడుకు బతికాడు, కానీ తీర్పు నిజంగా చెప్పిన తర్వాత, గెలిచినవాడి దయవల్ల బతికాడు. నేను దయని పాచిక వెనక దాచాను. ఆ పాత్ర చావడం నాకు ఇష్టం లేకపోతే, పాచిక వేయకముందే "ఈ దెబ్బకి చావు ఉండదు, బందీ అవుతాడు" అని అందరి ముందూ అనాల్సింది. ఆ మాట మీద వాళ్ళు నాతో వాదించేవాళ్ళు. వాదించడం వాళ్ళ హక్కు. ధర్మరాజు అభ్యంతరం కూడా ఆట మొదలవకముందే తేలాల్సింది.

చిన్నవాడికి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఒకే షరతు పెట్టాడు: "అట్ట తీసెయ్యి అన్నా." తీసేశాను. ఇప్పుడు పాచిక టేబుల్ మధ్యలో పడుతుంది. ఏం జరిగితే ఏమవుతుందో వేయకముందే చెప్తాను. రూల్ లేనిచోట తీర్పు చెప్పి కారణం కూడా చెప్తాను. తప్పని తేలితే వచ్చే వారం మారుస్తాను.

మూడో వారం, అదే ఖజానా గదిలో, పాచిక 20 చూపించింది. అందరం చూశాం. వాడి పాత్ర పడిపోయింది. నేను చచ్చిపోయాడనే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వైద్యురాలి పాత్ర ఆడే అమ్మాయి తన షీట్ చూసుకుంది. చచ్చినవాణ్ణి వెంటనే లేపే మంత్రం ఒకటుంది, దానికి ఒక వజ్రం ఖర్చవుతుంది. ఆమె దగ్గర ఒక్కటే ఉంది, ఎన్నో వారాల కిందట సంపాదించిన గోల్కొండ వజ్రం. "వాడుతున్నా" అంది. చిన్నవాడు ఆమెకేసి చూశాడు. నాకేసి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు కూడా.