పౌండు పడింది, బెంగాల్ బిగుసుకుంది

1949 సెప్టెంబర్ 18, ఆదివారం రాత్రి. బ్రిటన్ ఆర్థిక మంత్రి సర్ స్టాఫర్డ్ క్రిప్స్ రేడియో ప్రసంగంలో పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. అలాంటి ఆలోచనే లేదని అంతకుముందు పలుమార్లు కొట్టిపారేసింది ఆయనే. 1942లో రాజ్యాంగ ప్రతిపాదనలతో ఢిల్లీకి వచ్చి వట్టి చేతులతో వెనుదిరిగింది కూడా ఆయనే.

యుద్ధం బ్రిటన్‌ను అప్పులపాలు చేసింది. ఆ రుణదాతల్లో భారతదేశానిది పెద్ద స్థానం. యుద్ధం ముగిసేనాటికి లండన్‌లో భారత్ పేరిట పేరుకున్న స్టెర్లింగ్ నిల్వలు సుమారు 130 కోట్ల పౌండ్లు. సైన్యాలకు ఇక్కడి నుంచి సరఫరా అయిన సరుకులకూ సేవలకూ అవి ప్రతిఫలం. 1943లో బెంగాల్ ఆకలితో మాడుతున్న రోజుల్లోనూ ఈ పద్దు పెరుగుతూనే వచ్చింది. క్రిప్స్ ప్రకటనతో, అప్పటికి ఖర్చు కాకుండా మిగిలిన నిల్వల డాలరు విలువ ఒక్క రాత్రిలో 30 శాతం మేర హరించుకుపోయింది. బాకీదారుడే బాకీ విలువను తగ్గించుకున్నాడనడంలో అతిశయోక్తి లేదు.

అయినా ఢిల్లీ అదే బాట పట్టింది. 1927 నుంచి రూపాయి విలువ ఒక షిల్లింగ్ ఆరు పెన్నీలు. స్వాతంత్ర్యం వచ్చినా ఆ ముడి వీడలేదు. ఎగుమతుల్లో అధిక భాగం స్టెర్లింగ్ దేశాలకే వెళ్తున్నప్పుడు రూపాయిని నిలబెడితే తేయాకు, గోనె సంచులు అక్కడ ప్రియమవుతాయి. ఆర్థిక మంత్రి జాన్ మథాయ్ ముందు వేరే దారి దాదాపు లేదు. డాలరు 3.31 రూపాయల నుంచి 4.76కు చేరింది.

కరాచీ మాత్రం కదల్లేదు. ముడి జనపనార, పత్తి అమ్మే దేశానికి ధర తగ్గించినంత మాత్రాన అమ్మకాలు పెరగవు. కొనవలసిన యంత్రాలు మాత్రం ప్రియమవుతాయి. ఆర్థికంగా చూస్తే ఆ వాదన తేలికగా తీసిపారేయదగ్గది కాదు. ఢిల్లీ దాన్ని ధిక్కారంగా చూడడమే అసలు చిక్కు. వంద పాకిస్తానీ రూపాయలకు 144 భారత రూపాయలు చెల్లించడానికి అది ససేమిరా అంది.

దెబ్బ పడింది బెంగాల్ మీద. విభజన మిల్లులన్నింటినీ హుగ్లీ తీరాన భారత్‌లో వదిలి, జనపనార పొలాల్లో సింహభాగాన్ని తూర్పు బెంగాల్‌కు ఇచ్చింది. ఇప్పుడు సరుకు సరిహద్దు దాటలేదు. బదులుగా భారత్ బొగ్గు పంపడం ఆపింది. కలకత్తా మిల్లులకు నార కరువైంది, అవతల రైతుకు కొనేవాడు కరువయ్యాడు. 1950 తొలి నెలల్లో రెండు బెంగాల్‌లలో మతకల్లోలాలు రేగాయి. ఏప్రిల్ 8న నెహ్రూ-లియాఖత్ ఒప్పందం కుదిరింది. కల్లోలాలకు మారకపు రేటే కారణమనడం తప్పు. ఎండిన గడ్డికి నిప్పు తొందరగా అంటుకుంటుందన్నది మాత్రం నిజం.

జూన్‌లో మొదలైన కొరియా యుద్ధం పాకిస్తాన్‌ను ఆదుకుంది. ప్రపంచ మార్కెట్లో జనపనార, పత్తి ధరలు ఎగబాకాయి. చివరకు 1951 ఫిబ్రవరిలో భారత్ ఆ రేటును అంగీకరించి వాణిజ్య ఒప్పందం చేసుకుంది. ఈలోగా ఎవరి దారి వారు చూసుకున్నారు. నారాయణ్‌గంజ్‌లో ఆదంజీ జూట్ మిల్లు లేచింది. పశ్చిమ బెంగాల్, అస్సాం, బీహార్, ఒరిస్సాలలో జనపనార సాగు విస్తరించింది. ప్రత్యామ్నాయంగా మన ఉత్తరాంధ్ర గోగునారకూ గిరాకీ పెరిగింది. 1955లో పాకిస్తాన్ తన రూపాయిని భారత రూపాయి స్థాయికే దించింది. విడిపోయిన వ్యాపారం మాత్రం పాత స్థితికి రాలేదు.

1966 జూన్‌లో భారత్ తనంతట తానే డాలరును 7.50 రూపాయలకు మార్చింది. మరుసటి ఏడాది నవంబర్ 18న లండన్ పౌండును మళ్లీ 2.40 డాలర్లకు దించింది. ఈసారి ఢిల్లీ వెంట నడవలేదు. 21 రూపాయల పౌండు 18 రూపాయలైంది. స్టెర్లింగ్‌తో ముడి పూర్తిగా తెగింది 1975 సెప్టెంబర్‌లో.