పంట ఒకరిది, పట్టా ఒకరిది

భూమి సమస్య అనగానే మన సాహిత్యంలో కొన్ని బొమ్మలు సిద్ధంగా కనిపిస్తాయి. గడీ, దొర, పట్వారీ, వెట్టి, అప్పు పత్రం. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లోనూ, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లోనూ భూమిని గుంజుకునే మనిషి మన కళ్ళముందు నిలబడతాడు. అతనికి పేరుంది, గొంతుంది, ఊళ్ళో ఇల్లుంది. 1964లో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ రాసేనాటికి దోపిడీ మర్యాద నేర్చింది. అప్పు రూపంలో, ఊరిపెద్దల తీర్పు రూపంలో వచ్చింది. అయినా అప్పిచ్చినవాడూ, తీర్చవలసినవాడూ ఒకే ఊరి మనుషులు. ఈనాటి భూమి కథలో ఆ రెండో మనిషి ఊళ్ళో లేడు. అతడు దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీనగర్‌లోనో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటాడు. చాలాసార్లు నాలాంటి నెలజీతగాడే. ఈ మార్పు ఎలా వచ్చింది? ఇందులోకి ఇథనాల్ అనే కొత్త సరుకు ఎలా ప్రవేశించింది? ఈ రెండు ప్రశ్నలను చరిత్రక్రమంలో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను పాఠాలు చెప్పే బడి తుర్కయంజాల్‌లో, సాగర్ రోడ్డుకు దగ్గరలో ఉంది. ఎల్బీనగర్ నుంచి బయలుదేరి బి.ఎన్.రెడ్డి నగర్, ఇంజాపూర్ దాటితే వచ్చే ఊరు ఇది. పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చింది. చేలు పోయి వెంచర్లు వచ్చాయి. అయితే ఒక సంగతి గమనించాలి. వెంచర్‌లో అమ్ముడుపోయి, ఇల్లు కట్టని ఖాళీ జాగాల్లో నేటికీ పంట పండుతోంది. మా బడిలో చదివే ఒక పిల్లవాడి తండ్రి అలాంటి జాగాలో పాలకూర, కొత్తిమీర వేస్తాడు. పశువుల ఎరువు తోలవచ్చు కదా అని అడిగితే ఆయన, “యజమాని ఎప్పుడు అమ్ముతడో తెల్వదు సారూ. మూడు నెల్ల పంట తప్ప నేనేం పెట్టలేను” అన్నాడు. భూమి ఎవరిదో తెలియని చోట భూమికి సేవ చేసేవాడు ఉండడు. వ్యవసాయ అర్థశాస్త్రంలో ఒక అధ్యాయానికి సరిపడే మాట అది.

ఇటీవల మా స్టాఫ్‌రూములోకి ఒక కరపత్రం వచ్చింది. మాల్ అవతల పొలాన్ని గుంటల లెక్కన అమ్ముతారట. అందులో వెదురు నాటి ఇస్తారట. దేశమంతా పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు గనుక రేపు ఆ వెదురుకు గిరాకీ ఉంటుందట. వెదురు నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం 2025 సెప్టెంబరులో అస్సాంలోని నుమాలిగఢ్‌లో ప్రారంభమైన మాట నిజమే. నుమాలిగఢ్‌కూ మాల్‌కూ మధ్య ఎంత దూరమో మాత్రం కరపత్రం చెప్పదు. “మీరూ రెండు గుంటలు తీసుకోండి సార్, పిల్లల చదువుకు పనికొస్తది” అన్నాడు తోటి ఉపాధ్యాయుడు. ఆయన మోసగాడు కాడు. పింఛను భద్రత లేని ఉద్యోగి భయమే ఆయనచేత ఆ మాట అనిపించింది. ఈ భయాన్ని తక్కువ చేసి చూస్తే మనకు విషయం అర్థం కాదు.

ముందు లెక్క చూద్దాం. ధాన్యంతో నడిచే ఇథనాల్ కర్మాగారాలకు నేడు ముఖ్యమైన ముడిసరుకు మొక్కజొన్న, మన ఊళ్ళ మాటలో మక్కలు. టన్ను మక్కల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2023-24 సరఫరా సంవత్సరంలో చమురు కంపెనీలు మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు రూ. 71.86 చెల్లించాయి. అంటే టన్నుకు రూ. 27 వేల పైచిలుకు. ఆ ఏడు మక్కల మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,090. ఎకరానికి 25 క్వింటాళ్ళు పండాయనుకున్నా రైతు చేతికి వచ్చేది రూ. 52,250. విత్తనం, ఎరువు, కూలి ఖర్చులు అందులోనే. ఇప్పుడు నగరం చుట్టుపక్కల ఎకరం కోటి రూపాయలనుకోండి. ఆ కోటిమీద పంట మొత్తం విలువ ఏడాదికి నూటికి అరరూపాయి. యజమానికి కౌలుగా ముట్టేది అందులోనూ ఒక భాగమే. కాబట్టి కోటి పెట్టి కొన్నవాడు మక్కల కోసం కొనలేదు, వెదురు కోసమూ కొనలేదు. రేపు ఇంకొకడు కోటిన్నరకు కొంటాడనే నమ్మకాన్ని కొన్నాడు. ఆ నమ్మకానికి ఇథనాల్ కొత్త పేరు మాత్రమే.

ఈ సరుకు మనకు కొత్తది కాదు. చెరకు మడ్డి నుంచి తీసిన ఆల్కహాల్‌ను మోటారు ఇంధనంగా వాడే పరిశ్రమ కోసం 1948లోనే ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 2000లో రద్దయింది. మన ప్రాంతంలో చెరకు చరిత్ర బోధన్‌తో ముడిపడి ఉంది. 1931లో మంజీరమీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడింది. నీరు, ఫ్యాక్టరీ రెండూ వచ్చాక అక్కడి భూమికి కొత్త విలువ వచ్చింది. కోస్తా జిల్లాల రైతులు తమ ఊళ్ళో కొద్దిపాటి మాగాణి అమ్ముకుని ఇక్కడ ఎక్కువ భూమి కొన్నారు. వాళ్ళదీ పెట్టుబడే, సందేహం లేదు. స్థానిక రైతు చేతినుంచి భూమి జారిన కథ కూడా అందులో ఉంది. కాని వాళ్ళు ఎడ్లతో, ఇంటిల్లిపాదితో తరలివచ్చి ఆ మట్టిలోనే బతికారు. నీరు పారితే వాళ్ళకూ పారింది, ఎండితే వాళ్ళకూ ఎండింది. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం కిందికి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడినప్పుడు దెబ్బ తిన్నవాళ్ళలో చెరకు రైతులు, కార్మికులు అందరూ ఉన్నారు. నష్టం ఊళ్ళోనే కనిపించింది. నేటి పెట్టుబడిదారుడికి ఆ బంధం లేదు.

ఇక ఇటీవలి చరిత్ర. 2003లో కొన్ని రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. దశాబ్దం గడిచినా అది 2 శాతం దాటలేదు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెరకు మడ్డితో ఆగకుండా పాడైన ధాన్యానికీ దారి తెరిచింది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్య, వలస కూలీలు జాతీయ రహదారుల వెంట నడుస్తున్న రోజుల్లో, ఆహార సంస్థ గిడ్డంగుల్లోని మిగులు బియ్యాన్ని ఇథనాల్‌గా మార్చడానికి అనుమతి లభించింది. చరిత్ర రాసేవాళ్ళు ఆ రెండు దృశ్యాలనూ ఒకే పేజీలో రాయాలి. 2022 జూన్‌కు 10 శాతం, 2025కు 20 శాతం మిశ్రమం సాధ్యమైంది. విదేశీ చమురుకు పోయే డబ్బు కొంత మిగిలిందన్నది నిజం. 2023-24లో మొక్కజొన్న చెరకును దాటి మొదటి స్థానానికి వచ్చింది. మక్కలను ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకునే దేశమైంది. గిరాకీ ఇంతగా పెరిగితే రైతు బాగుపడాలి కదా? కొంతకాలం మక్కలకు ధర పలికింది కూడా. కాని 2025లో మద్దతు ధర రూ. 2,400 ఉండగా మార్కెట్ ధర దానికి బాగా దిగువకు పడిపోయింది. కర్ణాటకలో మక్క రైతులు రోడ్డెక్కారు. పంట ధర ఎక్కింది, దిగింది. భూమి ధర మాత్రం ఎక్కిన మెట్టు దిగలేదు.

దీనికి కారణం ఆంగ్ల ఆర్థికవేత్త రికార్డో 1817లోనే చెప్పాడు. భూమి కౌలు ఎక్కువైనందువల్ల ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర పెరిగినందువల్ల కౌలు పెరుగుతుంది. అంటే గిరాకీ తెచ్చిన లాభం చివరకు చేరేది దున్నేవాడి దగ్గరికి కాదు, హక్కుదారు దగ్గరికి. ప్రపంచ అనుభవం దీన్ని బలపరుస్తోంది. 1973 చమురు సంక్షోభం తర్వాత బ్రెజిల్ 1975లో చెరకు ఆల్కహాల్ పథకం చేపట్టింది. అమెరికా 2005, 2007 చట్టాలతో మొక్కజొన్న ఇథనాల్‌ను తప్పనిసరి చేసింది. 2003లో సగటున 2,275 డాలర్లున్న అయోవా రాష్ట్రపు ఎకరం 2013కు 8,716 డాలర్లయింది. ఇథనాల్ ఒక్కటే దానికి కారణం కాకపోవచ్చు. కాని అదొక ముఖ్యమైన కారణం. అదే కాలంలో, 2007 జనవరిలో, మొక్కజొన్న రొట్టె ధర పెరిగి మెక్సికోలో వేలాది జనం వీధుల్లోకి వచ్చారు. ఒకే గింజ ఒకచోట ఆస్తిని పెంచింది, ఇంకొకచోట ఆకలిని పెంచింది.

మన మధ్యతరగతికి ఈ ఆశ మొదటిది కాదు. 1990లలో మద్రాసునుంచి అనుభవ్ ప్లాంటేషన్స్ టేకు చెట్లను అమ్మి 1998లో కుప్పకూలింది. 2003లో ప్రణాళికా సంఘం జట్రోఫా నూనెతో డీజిల్ అంది. బీడుభూములు బంగారమవుతాయన్నారు. ఆ మొక్క గొప్ప దిగుబడి ఇవ్వలేదు. విజయవాడ కేంద్రంగా సాగిన అగ్రిగోల్డ్‌లో భూమిని చూసి, భూమిని నమ్మి సుమారు 32 లక్షల మంది దాచుకున్న డబ్బు చిక్కుకుంది. టేకు, జట్రోఫా, ఇప్పుడు వెదురు. మొక్క మారింది, మాట మారలేదు. అమ్మేవాడు ప్రతిసారీ పంట పేరు చెప్పి కాగితం అమ్మాడు.

ఇంతకూ ఆ కాగితానికి ఇంత బలం ఎక్కడిది? ఇక్కడే మన తెలంగాణ చరిత్ర ముఖ్యమవుతుంది. సాయుధపోరాటం వేడి చల్లారకముందే వచ్చిన 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం దున్నేవాడిని ‘రక్షిత కౌలుదారు’గా గుర్తించింది. అమలులో ఎన్ని లోపాలున్నా, దున్నేవాడి పేరును రికార్డులోకి ఎక్కించింది. పహాణీలో పట్టాదారు గడి పక్కనే అనుభవదారు గడి ఉండేది. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు రూ. 4,000 చొప్పున ఇచ్చింది. దున్నినా దున్నకున్నా పట్టాదారుకే ఇచ్చింది. 2020లో ధరణి వచ్చింది, అనుభవదారు గడి మాయమైంది. ఊరు ముఖం చూడని యజమానికి రైతు సాయం చేరింది. పాలకూర వేసే మనిషి రైతే కాకుండా పోయాడు. భూమిని పెట్టుబడిగా కొనడానికి ఇంతకన్న అనువైన ఏర్పాటు ఏముంటుంది? దున్నేవాడు రికార్డులో లేని భూమి, బజారులో తేలిగ్గా చేతులు మారుతుంది.

ఫ్యాక్టరీ వచ్చినచోట ఈ చిత్రపు రెండో పార్శ్వం కనిపిస్తుంది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ కర్మాగారానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళన 2023 అక్టోబరులో ఘర్షణగా మారింది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు రహదారిని దిగ్బంధించిన మీదట పనులు ఆపుతున్నట్టు అధికారులు ప్రకటించారు. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలోనూ ఘర్షణ, అరెస్టులు జరిగాయి. ఈ మూడుచోట్లా జనం అడిగింది ఒకటే: మా నీళ్ళేమవుతాయి, మా గాలేమవుతుంది? ఈ ప్రశ్న వేసింది అక్కడ బతికేవాళ్ళు. ఆ చుట్టుపక్కల భూమి ధర పెరుగుతుందా అని లెక్కవేసేవాళ్ళు దూరంగా నగరంలో ఉంటారు. ఒకే కర్మాగారం ఒకరికి వాసన, ఇంకొకరికి వార్త.

ఇథనాల్ వద్దనడం నా ఉద్దేశం కాదు. ఇంధనం కావాలి, అది మన పొలంనుంచి వస్తే మంచిదే. కాని దాని లాభం దున్నేవాడికి చేరే దారి వెయ్యకుండా గిరాకీని మాత్రం పెంచితే, పెరిగేది పంట కాదు, పట్టా విలువ. కౌలుదారు పేరును రికార్డుకెక్కించడం, సాయాన్ని సాగుతో ముడిపెట్టడం, ఊరి అనుమతి లేకుండా కర్మాగారం పెట్టకపోవడం, ఈ మూడూ విప్లవ కోరికలు కావు. కనీస న్యాయం.

రచయితలకు ఒక మాట. దొరను చిత్రించడంలో మన కథ ఆరితేరింది. దొర లేని దోపిడీని చిత్రించడం ఇంకా నేర్చుకోవాలి. ఇక్కడ కొనేవాడు క్రూరుడు కాడు. పిల్ల పెళ్ళికో, ముసలితనానికో భయపడే గుమాస్తా, టీచరు. అతడి భయాన్ని సానుభూతితో రాస్తూనే, ఆ భయం ఎవరి మడిని మింగుతున్నదో చూపించడం కష్టమైన పని. విద్యార్థులు పరిశోధనకు అంశాల కోసం దూరం పోనక్కరలేదు. మీ ఊరి పాత పహాణీ నకలు ఒకటి తీసి చూడండి. అనుభవదారు గడిలో ఎవరి పేరుందో, ఆ కుటుంబం ఇవాళ ఎక్కడ ఏం చేస్తున్నదో వెతకండి. సర్కారు కాగితం మరిచిపోయిన ఆ పేరుతో మొదలుపెట్టదగ్గ కథలు సాగర్ రోడ్డు పొడవునా ఉన్నాయి.