అత్తయ్యగారి గిద్దె, మా మడత కాజా

2020 మే నెల. లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంటే, మా అమ్మాయీ నేనూ ఓవెన్ ముందు కూర్చున్నాం. కేకులయ్యాయి, బిస్కెట్లయ్యాయి, పిజ్జా కూడా అయింది. ఇంక మిగిలింది క్రోసాంట్. "అమ్మా, అదొక్కటి వచ్చిందంటే మనకి ఇంక రానిదే లేదు" అంది అమ్మాయి. రాజమండ్రిలో, నడి ఎండాకాలంలో, కరెంటు పోతూ వస్తూ ఉండగా! మా ధైర్యం చూడండి.

పిండి మధ్యలో వెన్న పలక పెట్టి, ఒత్తి, మూడు మడతలు వేసి, ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ ఒత్తాలి. అలా మూడుసార్లు చేస్తే వెన్న 27 పొరలవుతుంది. ఓవెన్ వేడికి పిండిలోని తడి ఆవిరై ఆ పొరల్ని పైకి లేపుతుంది. చదవడానికి ఇంతే. కానీ వెన్న 35 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి కరిగిపోతుంది, మా వంటిల్లు అప్పటికే ఆ వేడి దాటేసింది. రెండో మడతకే వెన్న పీట మీదకి కారింది. చివరికి వచ్చినవి నెయ్యి ఓడుతున్న బన్నులు.

అత్తయ్యగారు ఒకటి తుంచి, అటూ ఇటూ తిప్పి చూసి, "పొరల కోసమా ఇంత యాగీ? మడత కాజా చేసిన రోజుల్లో మాకు ఫ్రిజ్ ఎక్కడుందే?" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. క్రోసాంట్ వెయ్యేళ్ళనాటి విద్యేమో అనుకునేదాన్ని. చదివితే అదేం కాదు. 1683లో వియన్నా ముట్టడి అప్పుడు పుట్టిందని చెప్పే కథకి ఆధారం లేదట. 1830ల చివర్లో ఆగస్ట్ జాంగ్ అనే ఆయన పారిస్‌లో వియన్నా పద్ధతి బేకరీ పెట్టాడు. అక్కణ్ణుంచి ఆ చంద్రవంక రొట్టె ఫ్రాన్సుకి అలవాటైంది. ఇప్పుడు మనం చూసే పొరల క్రోసాంట్ మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కుదిరింది. మన తాపేశ్వరంలో పోలిశెట్టి సత్తిరాజు గారు మడత కాజా దుకాణం మొదలుపెట్టింది 1939లో అని అక్కడివాళ్ళు చెప్తారు. అంటే రెండింటికీ తేడా కొన్ని పదుల ఏళ్ళేనన్నమాట. ఒకదానికేమో మనం ఓవెన్లు, తూకాలు, థర్మామీటర్లు కొనుక్కుని పోటీపడతాం. రెండోదాన్ని పెళ్ళికి కిలోల లెక్కన ఆర్డరిచ్చేసి మర్చిపోతాం.

కాజా మన ఒక్కళ్ళదే కాదు లెండి. పూరీ జగన్నాథుడి ప్రసాదంలో ఖాజా ఉంది. బీహార్‌లో నలందా దగ్గర సిలావ్ ఖాజాకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన దగ్గరే కాకినాడ వెళ్తే కోటయ్యగారి గొట్టం కాజా, దాని దారి వేరు. నాకు వింతగా అనిపించేది ఇంకోటి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా వరిచేలే అయింది. గోధుమ మన పంట కాదు. అయినా మైదా మిఠాయితో ఇంత పేరొచ్చింది. ఆ మైదా పొరల మధ్య పూసేది మాత్రం నేతిలో కలిపిన మన వరిపిండి. వెన్నలా గడ్డకట్టించి పెట్టక్కర్లేదు. వరిపిండి నేతిని పట్టుకుని ఉంటుంది, పొరనీ పొరనీ అంటుకోనివ్వదు. ఎండాకాలమైనా సరే.

అసలు మైదా ఊసే లేకుండా పొరలు తీసిన ఊరు ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బట్టని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఒక్కసారి అలా లాగడం, రెండు క్షణాల్లో రేకు. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపొచ్చింది. ఇళ్ళల్లో కుండ ముందు కూర్చుని ఆ రేకులు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళలో మొదటి ఆవిడ పేరు ఏ బోర్డు మీదా లేదు. దుకాణానికి బోర్డుంటుంది, తేదీ ఉంటుంది. ఇంట్లో చేసినదానికి కొలతే రాసిపెట్టరు, ఇంక చరిత్ర ఎవరు రాస్తారు?

మా అత్తయ్యగారి పుట్టిల్లు మండపేట దగ్గర పల్లెటూరు. ఆవిడ చిన్నతనమంటే 1950లు. ఆడపిల్లకి సారె పెట్టాలంటే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి కూర్చునేవారట. ఒకళ్ళు పిండి మర్దించడం, ఒకళ్ళు ఒత్తడం, పాకం దగ్గర మాత్రం పెద్దావిడే. వాళ్ళమ్మగారు ఒత్తిన రేకు కింద పీట చారలు కనిపించేవని ఇప్పటికీ చెప్తారు. ఆవిడ కొలత ఒక ఇత్తడి గిద్దె. "గిద్దెడు నెయ్యి" అంటారు, ఓసారి నిండా, ఓసారి కాస్త తక్కువగా.

2023లో మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు, సారెలోకి నూటపదహారు కాజాలూ ఇంట్లోనే చేస్తానన్నాను. మావారు నవ్వారు. అత్తయ్యగారు నవ్వలేదు. అప్పటికి ఆవిడ చేతులు వణుకుతున్నాయి, అప్పడాల కర్ర పట్టుకోలేరు. ఇప్పుడు రాసుకోకపోతే ఇంకెప్పుడు? ఆవిడ గిద్దెతో పోస్తుంటే నేను దాన్ని కాటా మీద పెట్టి రాసుకున్నాను. అరకిలో మైదాకి పిండిలో 50 గ్రాముల నెయ్యి, చిటికెడు ఉప్పు. పూతకి వేరే 60 గ్రాముల నెయ్యి, మూడు చెంచాల వరిపిండి. నీళ్ళు మాత్రం ఆవిడ కొలవనివ్వలేదు. "చెవి తమ్మె ముట్టుకుని చూడు, అంత మెత్తగా ఉండాలి" అన్నారు. పుస్తకంలో అలాగే రాశాను.

తడిగుడ్డ కప్పి గంటసేపు నాననిచ్చి, పొడుగ్గా పల్చగా ఒత్తి, పూత రాసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి కర్రతో ఒక్క ఒత్తు. మొదటి వాయి నూనె కాగిపోయి పైన ఎర్రబడ్డాయి, లోపల పచ్చి. రెండో వాయికి చుట్ట వదులై మూకుట్లో రిబ్బన్లలా విడిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. పెళ్ళి నాలుగు రోజుల్లో ఉంది.

అత్తయ్యగారు కుర్చీ పొయ్యి పక్కకి లాగించుకుని కూర్చున్నారు. "మంట తగ్గించు. ఇంకా తగ్గించు. అవి అడుగునుంచి వాటంతటవే పైకి రావాలి, నువ్వు గరిటె పెట్టకు." నిజంగానే ఐదారు నిమిషాలకి ఒక్కోటీ పైకి తేలి, అంచులు విచ్చుకోవడం మొదలెట్టాయి. లేత తీగపాకంలో వేసి తీసి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను. కొరికితే పాకం గడ్డం మీదకి కారింది. తుడుచుకుని, "మా అమ్మ పొరలు ఇంకా పల్చన" అన్నారు.

సాయంత్రానికి నలభై తేలాయి. ఇంక నా నడుం పనిచెయ్యలేదు. మిగతా డెబ్భై ఆరూ తాపేశ్వరం నుంచి తెప్పించాం. బుట్టలో అవి కింద సర్ది, మా నలభై పైన పెట్టాను.

పెళ్ళయిన మూడో రోజు వియ్యపురాలుగారు ఫోన్ చేశారు. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో, "వదినగారూ, కాజాలు రెండు రకాలొచ్చాయండీ. ఆ వంకరగా ఉన్నవి ఏ కొట్లో కొన్నారు? మా పిల్లలు అవే ముందు ఖాళీ చేసేశారు" అన్నారు. ఫోను స్పీకర్లో పెట్టి అత్తయ్యగారి చెవి దగ్గర పెట్టాను.