జీతమా, గౌరవ వేతనమా?

జీవితం అనే మాట నుంచే జీతం పుట్టిందని మన నిఘంటువులు చెబుతాయి. బతకడానికి ఇచ్చేది జీతం. గౌరవ వేతనం సంగతి వేరు. బతుకుతెరువు వేరే ఉన్న మనిషి తీరిక వేళల్లో చేసిన సేవకు మన్ననగా ముట్టజెప్పేది అది. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు ఈ రెండో మాట ఎలా అంటుకున్నదో తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

డాక్టర్లు పల్లెలకు చేరడం లేదు గనుక ఊళ్లోవాళ్లకే కొంత తర్ఫీదునిచ్చి చిన్నా చితకా జబ్బులు చూడమనాలని 1975లో శ్రీవాస్తవ కమిటీ సూచించింది. బడిపంతుళ్లు, పోస్టుమాస్టర్లు, గ్రామసేవకులు వంటివాళ్లు ఆ కమిటీ మనసులో ఉన్నారు. వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగడానికి వేరే ఆధారం ఉంది. వాళ్లకు గౌరవ వేతనం సరిపోతుందనుకోవడంలో న్యాయం లేకపోలేదు.

1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం ఆ ఆలోచనను పథకంగా మార్చింది. వెయ్యి జనాభాకు ఒక కార్యకర్త. మూడు నెలల శిక్షణలో నెలకు 200 రూపాయలు, ఆ తరవాత నెలకు 50 రూపాయల గౌరవ వేతనం, మరో 50 రూపాయల మందులు. చేరినవారిలో మగవాళ్లే ఎక్కువ. ఖర్చు మొదట కేంద్రం పూర్తిగా భరించింది, కొన్నాళ్లకు సగం రాష్ట్రాల మీద వేసింది, 1981లో మళ్లీ తానే తీసుకుంది. కార్యకర్త పేరు కూడా హెల్త్ గైడ్ అయింది. పేరు మారింది గాని 50 రూపాయలు మారలేదు. 2002లో కేంద్రం ఆ నిధులు నిలిపివేసింది.

మూడేళ్లకు, 2005లో, జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో 'ఆశ' వచ్చింది. ఈసారి ఎంచుకున్నది ఆడవాళ్లను. ఆ ఊరి కోడళ్లను, భర్త పోయినవాళ్లను, విడిపోయినవాళ్లను. పోస్టుమాస్టరుకున్న నెల జీతం వీళ్లకు లేదు. అయినా పాత లెక్కే వీళ్లకూ వర్తించింది. ఆశ ఉద్యోగిని కాదు, స్వచ్ఛంద సేవకురాలు. కాన్పుకు ఆస్పత్రికి తీసుకువెళితే ఇంత, బిడ్డకు టీకాలు వేయిస్తే ఇంత అని పనికో ప్రోత్సాహకం. పంతులుగారి కొలతతో కుట్టిన చొక్కాను కూలిమనిషికి తొడిగారని నేనంటాను.

ఇలాంటి పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. కేంద్రం మాత్రం నెలవారీ ప్రోత్సాహకాన్ని 2018లో వెయ్యి నుంచి 2,000కు, 2025లో 3,500కు పెంచింది. గుర్తింపు ఇవ్వలేదు. మిగతా భారం రాష్ట్రాల దయ మీద పడింది.

సరిహద్దున బతికే మనకు ఆ దయలోని హెచ్చుతగ్గులు బాగా కనబడతాయి. 1953 అక్టోబరు 1న గీసిన గీతకు ఇవతల బళ్లారి, అవతల అనంతపురం. అవతల 2019లోనే ఆశలకు నెలకు 10,000 చేశారు. ఇవతల 2025 జనవరిలో బెంగళూరు ఫ్రీడం పార్కులో చలిలో కూర్చుంటే గాని కనీసం 10,000 ఇస్తామన్న హామీ రాలేదు. తమిళనాడు దారి మరొకటి. అక్కడ ఊరి ఆరోగ్యం చూసే విలేజ్ హెల్త్ నర్సు జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి. ఆశలను కొండ ప్రాంతాలు, గిరిజన ప్రాంతాలకే పరిమితం చేశారు. అంటే ఈ పనికి జీతం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది లక్షల మంది ఆశలను ఒక పురస్కారంతో సత్కరించింది. గౌరవానికి వాళ్లకిప్పుడు లోటు లేదు. రావలసింది వేతనమే.