ఫ్రాన్సుతో మన డ్రా మ్యాచ్

కొన్నేళ్ళ కింద పారిస్‌లో ఆన్‌సైట్ ఉన్నప్పటి సంగతి. లంచ్ టైములో టీమంతా ఫుట్‌బాల్ ముచ్చట్లే. నా ఫ్రెంచి అరకొర. ఫ్రెంచివాళ్ళు ఫుట్‌బాల్ 'ఆడతారు', ఈత మాత్రం 'చేస్తారు'. రెంటికీ క్రియలు వేరు. మనమేం తక్కువ? క్రికెట్ ఆడతాం, ఈత కొడతాం, కుస్తీ పడతాం!

ఒకరోజు పక్క సీటాయన "మీ దేశంలో ఫుట్‌బాల్ ఆడతారా?" అనడిగాడు. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో క్రికెట్ తప్ప ఇంకోటి ఆడనివాణ్ణి కదా, "లేదు, క్రికెట్టే" అనేశాను.

రాత్రి ఇంటికి ఫోన్ చేసి బాపుతో ఈ మాటంటే కస్సుమన్నాడు. "హైదరాబాద్‌ల సదువుకున్నప్పుడు నేను సూసిందంతా ఫుట్‌బాలే. రహీం సాబ్ పేరు ఎరుగవా?"

ఎరగను. అప్పుడు వెతికాను. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆయన కోచింగులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తయారుచేసిన ఇండియా టీం ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

అసలు సంగతి ఇంకోటుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని, 2-1తో ఓడిపోయింది ఎవరి చేతిలోననుకున్నారు? ఫ్రాన్సు చేతిలోనే! మళ్ళీ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అదే ఫ్రాన్సు. ఈసారి కోచ్ రహీం. గోల్‌పోస్టు దగ్గర హైదరాబాదీ తంగరాజ్, ముందువరసలో సికింద్రాబాద్ బలరాం. కెప్టెన్ పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. చివర్లో ఫ్రాన్సు సమం చేసి బతికిపోయింది. 1-1.

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చి, మరుసటేడే రహీం కేన్సర్‌తో పోయారు. ఇండియా పురుషుల జట్టు 1960 తర్వాత మళ్ళీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి క్వాలిఫై కాలేదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఆయన పేరు మన తరంలో ఎందరికి తెలుసు?

మర్నాడు లంచ్‌లో పక్క సీటాయనకి నా వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పాను: "రోమ్, 1960. మాచ్ న్యూల్." అంటే డ్రా అని. ఆయన నమ్మలేదు, ఫోన్ తీసి చూసుకున్నాడు. తప్పు ఆయనది కాదు లెండి. ముందురోజు "లేదు" అన్నది నేనే కదా!