ఆ పేరు ఆమెది

ముప్పై ఏళ్లు పత్రికలో జిల్లా డెస్కు చూశాను. ఒక రాత్రి పదకొండు దాటాక అత్యాచారం వార్త ఫ్యాక్స్‌లో వచ్చింది. విలేఖరి అమ్మాయి పేరు రాయలేదు. కానీ ఊరు రాశాడు, రామాలయం వీధి రాశాడు, తండ్రి రైసుమిల్లులో గుమస్తా అని, అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది అని రాశాడు. ఆ ఊళ్లో రైసుమిల్లు ఒక్కటే. ఎర్రపెన్నుతో ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతే నాలుగు లైన్లు మిగిలాయి. "ఇక వార్తేముందయ్యా ఇందులో?" అన్నాడు ఎడిషన్ ఇన్‌చార్జి. ఆ నాలుగు లైన్లే వేశాం.

అత్యాచార బాధితురాలి పేరు వేస్తే నేరమనే చట్టం 1983 దాకా లేదు. దాని వెనక మన హైదరాబాదు ఉంది. 1978 మార్చిలో, సెకండ్ షో సినిమా చూసి వస్తున్న ఒక పేద ముస్లిం మహిళను నల్లకుంట ఠాణాకు తీసుకుపోయారు. పోలీసులే ఆమెపై అత్యాచారం చేశారు. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. పోలీసుల దెబ్బలకు అతని ప్రాణం పోయింది. జనం శవాన్ని ఠాణాకు మోసుకెళ్లారు. నగరం అట్టుడికింది, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు వెళ్లి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈలోగా ఆమె నడవడి మీద అనరాని మాటలు పడ్డాయి. కేసుకు ఆమె పేరే స్థిరపడింది. పోలీసుల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? పాతతరం పాఠకులకు ఆమె ఎవరో తెలుసు. నేను మాత్రం ఆ పేరు రాయను.

1978లోనే, మహారాష్ట్ర ఆదివాసీ బాలికపై అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్ తదితరులు ఆ తీర్పును తప్పుపడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ వేడిలోంచే భారత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్ పుట్టింది. బాధితురాలి ఆనవాలు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. అందులో ఒక వెసులుబాటు నాకు చాలా ఇష్టం: ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే పేరు వేయొచ్చు. దాచుకోవాలో చెప్పుకోవాలో తేల్చుకునేది ఆమె.

చనిపోయినవారి పేరూ వేయకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది తిరక్కుండానే శంషాబాద్‌లో ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగాయి. పోలీసులు ఆమెకు 'దిశ' అని పేరు పెట్టేసరికే అసలు పేరు, ఫొటో దేశమంతా ఫోన్లలో తిరిగాయి.

ఇక రెండో సంగతి, దాచకూడనిది దాచడం. 2020 సెప్టెంబరులో అమరావతి భూముల కొనుగోళ్లలో అక్రమాలు జరిగాయన్న ఎఫ్‌ఐఆర్ గురించి ఏమీ రాయొద్దని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీడియాను ఆదేశించింది. ఆ ఆరోపణ నిలుస్తుందా లేదా అన్నది వేరే మాట. కేసు ఉందన్న ముక్కే రాయొద్దంటే పాఠకుడికి తెలిసేదెలా? నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షపై స్టే ఇచ్చింది. గాయపడిన మనిషి కోసం కట్టిన చాటును పలుకుబడి ఉన్నవాళ్లకు కప్పడం తప్పు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

డెస్కులో కూర్చునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మనవి. పేరు కొట్టేశాక ఆగకండి. రైసుమిల్లు కూడా కొట్టేయండి.