ఎనిమిదింటికి పోయే వైఫై

మా ఇంట్లో కొత్త రౌటర్ పెట్టించుకుని మూడు వారాలైంది. పగలంతా బుద్ధిగా ఉండేది. రాత్రి ఎనిమిదయ్యేసరికి దానికి ఏదో పూనేది. సరిగ్గా నేను మా నాన్నగారికి వీడియో కాల్ చేసే వేళ.

నాన్నగారికి ఎనభై రెండేళ్లు. కోనసీమలో ఒక్కరే ఉంటారు. చెవులు దాదాపు వినపడవు. ఫోన్‌లో నా పెదాలు చూసి మాట పోల్చుకుంటారు, అందుకని మామూలు కాల్ మాకు పనికిరాదు. బొమ్మ ఆగిపోతే మాట ఆగిపోయినట్టే. సగం తెరిచిన నోటితో బిగుసుకుపోయిన నా మొహాన్ని కాసేపు చూసి పెట్టేసేవారు. రెండో వారానికి ఫోన్ ఎత్తడమే తగ్గించేశారు. "నీకు పనులుంటాయి కదమ్మా, రోజూ ఎందుకులే" అన్నారొకసారి. ఆ మాటకి ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. టెక్నీషియన్ వచ్చింది ఉదయం పదకొండింటికి. అప్పుడన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. కేబుల్ మార్చి వెళ్లాడు. మా ఆయన ఊళ్లో సిగ్నల్ లేదేమో అన్నారు, మా అబ్బాయి నా ఫోన్ పాతదన్నాడు.

ఇలా కాదని, పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే నెట్ పోయిన టైములు రాయడం మొదలుపెట్టాను. 7.50, 8.05, 8.20. నాలుగు రోజులయ్యాక చూసుకుంటే అది నా వంటింటి దినచర్యలాగే ఉంది! అత్తయ్యగారికి పాలు, పిల్లాడికి కూర, ఆయనకి అన్నం. మూడూ మైక్రోవేవ్‌లో వేడిచేసేవే. ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి, పని చేసుకుంటూ నాన్నగారితో మాట్లాడేదాన్ని. రౌటరేమో ఫ్రిజ్ మీద, ఓవెన్ పక్కనే. మర్నాడు గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి ఒక నిమిషం తిప్పాను. ఫోన్‌లో పాట ఆగిపోయింది. ఓవెన్ టింగుమన్నాక మళ్లీ మొదలైంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

సంగతి తెలిసినా నాకు నిద్ర పట్టలేదు. అన్నం వేడిచేసే పెట్టెకీ ఇంటర్నెట్‌కీ ఏం సంబంధం? వెతుకుతూ పోతే కథ రెండో ప్రపంచ యుద్ధం దగ్గర తేలింది.

శత్రు విమానాల్ని పసిగట్టే రాడార్లలో మాగ్నెట్రాన్ అనే గొట్టం ఉండేది. అమెరికాలో వాటిని తయారుచేసే రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఆయన పనిచేసేవాడు. పెద్దగా బడికి వెళ్లినవాడు కాదు. 1945లో పనిచేస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉంటే జేబులోని చాక్లెట్ కరిగిపోయిందని చెబుతారు. ఆ గొట్టాన్నే పెట్టి, 1947లో ఆ కంపెనీ మొదటి ఓవెన్ అమ్మకానికి పెట్టింది. మనిషంత ఎత్తు, 300 కిలోలకి పైగా బరువు! హోటళ్లకీ ఓడలకీ తప్ప ఇళ్లలో ఎవరు పెట్టుకుంటారు? వంటగట్టు మీద పట్టే ఓవెన్ రావడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది.

నాకు అసలు ఆసక్తి కలిగించింది మాత్రం 1947లోనే జరిగిన ఇంకో సంగతి. ఆ ఏడాది అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూర్చుని రేడియో తరంగాలు పంచుకున్నాయి. విమానాలకి ఇంత, ఓడలకి ఇంత, రేడియో స్టేషన్లకి ఇంత. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే అనుకోండి. అందులో 2450 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల జాగాని పరిశ్రమలకీ, సైన్సుకీ, వైద్యానికీ వదిలేశారు. ఓవెన్లూ, ఒళ్లు నొప్పులకి కాపడం పెట్టే డయాథర్మీ మెషీన్లూ అక్కడ ఎంత గోల చేసినా అడగరు. మాటలు పంపుకునే వాళ్లెవరైనా అక్కడికి వస్తే ఆ గోల భరించాలి, ఫిర్యాదు చేయకూడదు. నియమం ఇదీ! (నీళ్లు ఆ అంకె దగ్గరే వేడెక్కుతాయని చాలాచోట్ల రాస్తుంటారు, నమ్మకండి. ఫ్యాక్టరీల్లో 915 మెగాహెర్ట్జ్ ఓవెన్లు కూడా ఉన్నాయి.)

దాదాపు నలభై ఏళ్లు ఆ జాగా ఎవరికీ పట్టని బంజరులా ఉండిపోయింది. 1985లో అమెరికా ప్రభుత్వం, తక్కువ పవరుతో అక్కడ లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చంది. అడిగేవాడు లేని చోటు కదా, అందరూ దిగారు. 1997లో వైర్‌లెస్ నెట్‌వర్క్‌కి మొదటి ప్రమాణం వచ్చింది, 1999లో వైఫై అనే పేరు పెట్టారు. బ్లూటూత్ కూడా అక్కడే కాపురం పెట్టింది. అంటే వంటిల్లు ముందొచ్చింది, వైఫై తర్వాత వచ్చింది. "నీ ఓవెన్ వల్లే" అన్న మా అబ్బాయికి ఈ ముక్క రెండుసార్లు వినిపించాను.

ఓవెన్ లీకవుతోందా అని మీరు భయపడకండి. లోపల పనిచేసేది 800 వాట్లయితే, రౌటర్ బయటికి పంపేది వాటులో పదో వంతు. పరిమితికి లోబడి బయటికొచ్చే కాస్త కూడా దాని పక్కన పెళ్లి మేళంలా వినిపిస్తుంది. తలుపు సరిగ్గా పట్టకపోతే మాత్రం వేరే సంగతి, వెంటనే మెకానిక్‌కి చూపించండి.

నేను చేసింది కొంచెమే. రౌటర్‌ని ఫ్రిజ్ మీద నుంచి తీయించి హాల్లో ఎత్తుగా పెట్టించాను. దాంట్లో 2.4, 5 అని రెండు దారులుంటాయి. మా అబ్బాయి ఆ రెండింటికీ వేరే పేర్లు పెట్టి, నా ఫోన్‌ని 5 మీదికి మార్చాడు. ఈ 5 గిగాహెర్ట్జ్‌కీ మొబైల్ 5జీకీ సంబంధం లేదట. గోడలు దాటడంలో ఇది కాస్త నీరసం, కానీ ఓవెన్ గోల దీనికి పట్టదు.

ఆ రాత్రి ఎనిమిదింటికి నాన్నగారు నాలుగో రింగుకి ఎత్తారు. పాలు వేడవుతూనే ఉన్నాయి, బొమ్మ ఆగలేదు. నెమ్మదిగా, పెదాలు బాగా కదుపుతూ కథంతా చెప్పాను. ఆయన పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. మా చిన్నప్పుడు ఊళ్లో రేడియో ఉన్నవాళ్లంతా ఏటా లైసెన్సు కట్టడానికి మా పోస్టాఫీసుకే వచ్చేవారు. ఆ చిన్న పుస్తకంలో స్టాంపు అంటించి ఆయన ముద్ర కొడుతుంటే పక్కన నిలబడి చూసేదాన్ని. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోకూడదని 1933 నాటి చట్టం. రేడియో లైసెన్సులు 1980లలో పోయాయి. వైఫై నడిచే ఈ 2.4 జాగాకి మాత్రం, ఇంట్లోనైనా బయటైనా లైసెన్సు అక్కర్లేదని మన దేశంలో 2005 జనవరిలో నిబంధనలు వచ్చాయి.

నాన్నగారు అంతా చూసి, అనుమానంగా అడిగారు. "అయితే అమ్మాయ్, ఆ పెట్టెకి ఏడాదికి ఎంత కట్టాలి?"

"లైసెన్సు లేదు నాన్నగారూ. ఏమీ కట్టక్కర్లేదు."

"ముద్ర కూడా లేదూ?"

లేదని తల ఊపాను. ఆయన కాసేపు నవ్వి, "రేపు ఎనిమిదింటికే చెయ్యి, తొమ్మిదైతే నాకు నిద్దరొస్తుంది" అన్నారు.